వెనక టైర్లు వేరే సైజు

అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో మా స్నేహితుల గుంపుకి ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో ఏం కొనాలన్నా ముందు అందరినీ అడగాలి. ఇల్లు కొనేటప్పుడు అడిగితే అర్థం ఉంది. మిక్సీ కొనేటప్పుడూ అడుగుతారు, పరుపు కొనేటప్పుడూ అడుగుతారు. తలా ఒక వంట తెచ్చుకునే శనివారం పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ ఎవరైనా "రైస్ కుక్కర్ చూస్తున్నాం" అంటే చాలు, ప్లేట్లు చేత్తో పట్టుకునే నలుగురూ చుట్టూ చేరతారు. ఎక్కడ కొనాలి, ఏ కూపన్ వాడాలి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చా లేదా. ఆ చివరి ప్రశ్న మావాళ్ళకి ప్రాణం. ఏళ్ళ తరబడి పడుకున్న పరుపుని కూడా నడుం నొప్పి వస్తోందని తిరిగిచ్చి వచ్చిన మహానుభావులు మాలో ఉన్నారు.

ఆ పద్ధతిని నేను ఒక్కసారి తప్పాను. ఆ సంగతే చెప్పబోతున్నాను. చెప్పేటప్పుడు కాస్త కాలర్ ఎగరేస్తాను, ఏమీ అనుకోకండి.

అప్పటికి నేను చిప్‌లు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ ఇంజనీర్‌ని. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతూ తన కారు అమ్మకానికి పెట్టాడు. ముదురు నీలం రంగు, నాలుగు తలుపులు, గేర్లు చేత్తో మార్చుకోవాలి. పైకి మామూలు కారులాగే కనిపిస్తుంది గానీ ఇంజన్ మాత్రం రేసులకి సరిపోయేది. ఫ్రీవే ఎక్కేటప్పుడు కాలు కొంచెం గట్టిగా నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయేది. పద్ధతి ప్రకారం అందరినీ అడిగాను. అందరూ వద్దన్నారు. అయినా కొన్నాను. అడిగి వినకపోతే మావాళ్ళు క్షమిస్తారు. అడగకపోతేనే ఊరుకోరు.

ఆ కారంటే నాకు ఎందుకంత ఇష్టమో కూడా చెప్పాలి. అమెరికా వచ్చిన కొత్తలో నాకు డ్రైవింగే రాదు. మా ఆయన పక్కన కూర్చుని "బ్రేక్, బ్రేక్" అని కేకలు పెడుతూ నేర్పించాడు. మా వీసా ఆయన ఉద్యోగం మీద వచ్చింది, మా ఇల్లు పదిమంది సలహా మీద వచ్చింది, ఆఖరికి కర్టెన్ల రంగు కూడా ఓటింగు మీదే తేలింది. ఇది నాకు కావాలి అని వేలు పెట్టి చూపించి కొనుక్కున్నది ఆ కారొక్కటే. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే ఆ కాసేపూ నేను ఎవరికీ ఏమీ కానక్కర్లేదు. హాయిగా ఉండేది.

అరిజోనాలో జూలై వస్తే వానలు మొదలవుతాయి. నెలల తరబడి ఎండలో కాలిన రోడ్డు మీద మొదటి వాన పడిందంటే నూనె పోసినట్టే. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర ఎడమవైపు తిరిగాను. కారు ముందు భాగం నేను చెప్పినట్టే తిరిగింది. వెనక భాగం మాత్రం తన దారి తాను చూసుకోబోయింది. ఎదురుగా వ్యాన్ ఉంది. ఎలా సర్దుకున్నానో నాకే తెలియదు, సర్దుకున్నాను.

మర్నాడు ఎండెక్కకముందే డ్రైవ్‌వేలోకి వెళ్ళి వెనక టైర్లు చూశాను. పైకి నిక్షేపంగా ఉన్నాయి, రబ్బరు మీది గాడులు లోతుగానే ఉన్నాయి. అనుమానం తీరక పాత తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకుని టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టాను. బోడిగుండులా నున్నగా తగిలింది. ఇంకొంచెం జరిపితే ఏదో వేలికి గుచ్చుకుంది. రబ్బరంతా అరిగిపోయి లోపలి ఉక్కు తీగ బయటికి వచ్చింది. చక్రాలు కొంచెం లోపలికి వాలి ఉండటంతో కంటికి కనపడే వైపు బాగానే ఉండి, కనపడని వైపు పూర్తిగా పోయింది. ఇంతకాలం దీని మీదా నేను హాయిగా తిరిగింది!

మా ఆయనకి చూపించాను. వంగి చూసి, లేచి, చేతులు దులుపుకుని, ఎప్పటి నుంచో దాచుకున్న మాట బయటపెట్టాడు.

"ఇంక అమ్మేద్దాం. వచ్చే నెల అమ్మ వస్తోంది. ఆరు నెలలుంటుంది. ఈ కిందికి ఉండే కార్‌లో ఎక్కి దిగడం ఆవిడ వల్ల కాదు. అసలే అమ్మకి కారు పడదు. దీన్ని ట్రేడిన్‌కి ఇచ్చేసి బదులు మినీవ్యాన్ తీసుకుందాం."

మా అత్తయ్య ఒంగోలులో బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆడవాళ్ళు సైకిలెక్కితేనే వీధంతా చూసే రోజుల్లో మోపెడ్ మీద బ్యాంకుకి వెళ్ళిన మనిషి. కానీ కారు ఎక్కితే చాలు, ఊరు దాటకముందే వాంతులు. ఆ మాట నిజమే కాబట్టి నేను ఎదురు చెప్పలేకపోయాను. "టైర్లు మారుద్దాం, తర్వాత చూద్దాం" అని మాత్రం అన్నాను.

శనివారం పాట్‌లక్‌లో మా ఆయన సంగతి కదిపాడు. మా గుంపులో కొనుగోళ్ళ మంత్రి ఒకాయన ఉన్నాడు. వరంగల్ మనిషి, వయసులో పెద్ద, నేను అన్నయ్యా అంటాను. ఏ వస్తువు ఏ వారం చవకో ఆయనకి నోటికి వస్తుంది. బిర్యానీ ప్లేటు కింద పెట్టి మరీ తీర్పు చెప్పాడు.

"సింపుల్ చెల్లె. మనందరం సామాన్లు తీసుకునే వేర్‌హౌస్ స్టోర్ ఉన్నది గదా, ఆడికే పో. లాంగ్ వారంటీ ఉన్నయి నాలుగు పట్టు. ఆరు నెలలకోపారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి రొటేట్ చేసుకుంట పోతే ఏండ్లకేండ్లు వస్తయి. నచ్చకుంటే రిటర్న్ ఇచ్చేయొచ్చు."

"రొటేట్ చేయడం కుదరదన్నయ్యా. నా కారుకి వెనక టైర్లు వేరే సైజు. ముందువాటి కంటే వెడల్పు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "గదేంది? నాలుగు ఒక్క సైజే ఉంటయి గదా. నువ్వేదో తప్పు చదివినవ్."

నాకు ముక్కు మీదే కోపం. చదివింది నేను, కొలిచింది నేను, తువ్వాలు మీద పడుకున్నది నేను. అయినా నోరు మూసుకుని ఆదివారం అన్నయ్య వెంట, మా ఆయన వెంట ఆ వేర్‌హౌస్‌కి వెళ్ళాను. పద్ధతి పద్ధతే కదా.

కౌంటర్లో ఉన్నమ్మాయి కారు వివరాలు కంప్యూటర్లో కొట్టి, అన్నయ్య ఎంచిన టైర్లు చూసి, కుదరదని చెప్పేసింది. ఒకటి, వెనకవాటికి ఆ రకంలో సైజే లేదు. రెండు, ఈ కారు ఎంత వేగం తట్టుకునేలా తయారైందో టైరు కూడా అంత తట్టుకోవాలి, అంతకు తక్కువవి వాళ్ళు బిగించరు. అన్నయ్య ఊరుకోలేదు. "షీ విల్ నెవర్ డ్రైవ్ దట్ ఫాస్ట్" అని నా తరఫున హామీ ఇచ్చాడు. నన్నడక్కుండానే! ఆ అమ్మాయి నవ్వి, రూల్ అంతేనంది. ఆ దుకాణంలో అన్నయ్య మాట చెల్లకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

పార్కింగ్‌లోకి రాగానే తేల్చేశాడు. "సెల్ చేసెయ్ చెల్లె. టైర్లే దొరకని కారు మనకెందుకు?"

మా ఆయన తలూపాడు. ఆ తలూపడం చూశాక నేను ఒంటికాలి మీద లేచాను. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక కారులోనే మా ఆయనతో పందెం కాశాను.

"మంచి టైర్లు నేను వేయిస్తా. అత్తయ్య వచ్చాక ఈ కార్‌లోనే మలుపుల దారిలో పేసన్ కొండ ఎక్కించి దింపుతా. ఆవిడకి వాంతి అయినా, భయమేసినా నువ్వన్న రోజే అమ్మేద్దాం. ఏమీ కాకపోతే మినీవ్యాన్ మాట మళ్ళీ ఎత్తకూడదు."

వాళ్ళమ్మ సంగతి మా ఆయనకి బాగా తెలుసు. గెలుపు తనదేనన్న ధీమాతో సరేనన్నాడు. "కానీ పందెం సంగతి అమ్మకి చెప్పకూడదు" అని షరతు పెట్టాడు.

నోరైతే జారాను. ఆ కారు పోతే మళ్ళీ అలాంటిది కొననని నాకు తెలుసు. ఇంకో పదేళ్ళు మినీవ్యాన్‌లో కిరాణా సంచులు మోసుకుంటూ, నాకూ ఒక ఇష్టం ఉండేదన్న సంగతే మర్చిపోతాను. ఆ ఆలోచనకే ఏడుపొచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, లాప్‌టాప్ తెరిచాను.

ఆ వారమంతా లంచ్ టైములో టైర్ల గురించే చదివాను. ఆ కారున్నవాళ్ళు రాసుకున్న ఫోరమ్‌లు, పరీక్షల ఫలితాలు, పోట్లాటలు, అన్నీ. నా ముందు మూడు దారులు కనిపించాయి. గట్టి రబ్బరు టైర్లయితే చాలా కాలం వస్తాయి, పట్టు తక్కువ. రేసు టైర్లయితే రోడ్డుకి అతుక్కుని పోతాయి, మా ఊరి ఎండకి చలికాలం చూడకుండానే కరిగిపోతాయి. మధ్యలో, ఎండాకాలం కోసం చేసినవి ఉన్నాయి. మెత్తటి రబ్బరు, నీళ్ళు బయటికి తోసేయడానికి లోతైన గాడులు. మామూలుగా అయితే మేం ఎన్నాళ్ళు వస్తాయన్నదే చూస్తాం. నేను మాత్రం ఒకటే ప్రశ్న వేసుకున్నాను. ఆ రోజు సిగ్నల్ దగ్గర నేను దేనికి భయపడ్డాను? తడి రోడ్డుకి. కాబట్టి తడి రోడ్డు మీద ఏది తొందరగా ఆగుతుందో అదే కొనాలి. ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు వస్తాయి. అలా ఆలోచించాక మూడో రకంలో ఒకటి తప్ప అన్నీ పక్కకి వెళ్ళిపోయాయి.

ఎవరినీ అడగలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పక్కన పెట్టాను. శుక్రవారం సెలవు పెట్టి పక్క ఊరు మీసాలో టైర్లు మాత్రమే అమ్మే షాపుకి ఆ అరిగిన టైర్ల మీదే నెమ్మదిగా ఒక్కదాన్నే వెళ్ళాను.

అక్కడున్నతను పలకరింపుగా "మీవారి కారా?" అన్నాడు. నాదన్నాను. నాలుగు టైర్లు లోపలి నుంచి దొర్లించుకుంటూ తెచ్చి లిఫ్టు పక్కన పెట్టాడు. బిగించేముందు చూస్తానని చెప్పి నేను వంగాను. టైరు పక్కగోడ మీద అది తయారైన వారం, సంవత్సరం అంకెల్లో అచ్చేసి ఉంటాయి. ముందువి రెండూ కొత్తవే. వెనకవి రెండూ ఎప్పుడో తయారై గోడౌన్‌లో ఏళ్ళు గడిపినవి. మా ఎండల్లో వాడకుండా పెట్టినా రబ్బరు ముసలిదైపోతుంది.

"ఇవి వద్దు. ఈ సంవత్సరానివి కావాలి" అన్నాను.

కొత్తవే, ఎవరూ వాడలేదు అన్నాడతను. వాడకపోవడం వేరు, కొత్తవి కావడం వేరు అన్నాను. ఆ సైజు అరుదుగా అడుగుతారు, వేరే స్టోర్ నుంచి తెప్పించాలి అన్నాడు. కూర్చుంటానన్నాను. నిజంగానే మధ్యాహ్నం దాకా వాళ్ళ కాఫీ తాగుతూ కూర్చున్నాను. చివరికి తెప్పించారు. ఈసారి అతనే అంకెలు చూపించి, బావున్నాయా అని అడిగాడు. బావున్నాయి. చక్రాల వాలు కూడా సరిచేయించాను, లేకపోతే వీటి లోపలి అంచు కూడా అలాగే పోతుంది. కారు కిందికి దిగాక ఆ వెనక టైర్లని చూస్తే భలే ముచ్చటేసింది. నల్లగా, వెడల్పుగా, ఇంకా రబ్బరు వాసన కొడుతూ. షాపు వాకిట్లోనే నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

సాయంత్రానికల్లా వార్త అన్ని ఇళ్ళకీ చేరింది. ఒకావిడ ఫోన్ చేసి "అదేంటి, ఎవరికీ చెప్పకుండా?" అంది. ఇంకొకావిడ గొంతు తగ్గించి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని ఆరా తీసింది. అన్నయ్య మాత్రం ఒక్కటే అడిగాడు.

"రిటర్న్ ఉన్నదా?"

"లేదన్నయ్యా. ఒకసారి బిగించాక తీసుకోరట."

"అయ్యో చెల్లె" అన్నాడు. ఇంట్లో ఎవరో పోయారని చెప్పినా అంత బాధగా అనేవాడు కాదేమో.

అత్తయ్య దిగిన వారానికి పేసన్ ప్రయాణం పెట్టుకున్నాం. అంతలోగా నేను కొత్త టైర్లని నెమ్మదిగా తిప్పి, వాటి మీది జారుడు పొర పోగొట్టాను. బయల్దేరేరోజు పొద్దున్న అత్తయ్య డ్రైవ్‌వేలోకి వచ్చి టైర్లు చూశారు. కొత్తవని తెలియగానే నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా కారు కదలకూడదన్నారు. ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయలు తెచ్చి, ఏరి ఏరి చిన్నవి ముందు టైర్ల కింద పెట్టారు, పెద్దవి వెనక టైర్ల కింద పెట్టారు.

"వెనకవి వెడల్పుగా ఉన్నాయి కదమ్మాయ్, చిన్నవి పెడితే ఆనవు" అన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశాడు.

అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, బుగ్గన ఎండు ఉసిరికాయ. ఆరడుగుల మా ఆయన వెనక సీట్లో మోకాళ్ళు గడ్డం దగ్గరికి తెచ్చుకుని కూర్చున్నాడు. ఊరు దాటాం. ముళ్ళ మొక్కల ఎడారి దాటాం. కొండ మొదలైంది. మలుపు వచ్చేముందే వేగం తగ్గించి, గేరు మార్చి, మలుపులో ఒకే తీరుగా లాగుతూ బయటికి వస్తున్నాను. కారు ఊగడం లేదు, ఒరగడం లేదు, పట్టాల మీద వెళ్తున్నట్టు వెళ్తోంది. నేను మాత్రం ప్రతి మలుపులోనూ ఓరకంట అత్తయ్య మొహమే చూస్తున్నాను. పాలిపోయిందా? కళ్ళు మూసుకున్నారా? వెనక నుంచి మా ఆయన ప్రతి అయిదు నిమిషాలకీ "అమ్మా, ఎలా ఉంది?" అంటున్నాడు. బాగానే ఉందిరా అని ఒకసారి, రెండుసార్లు చెప్పి, తర్వాత విసుక్కున్నారావిడ. "నోరు మూసుకుని కూర్చో అబ్బాయ్, నువ్వే నాకు కడుపులో తిప్పించేట్టున్నావు."

పైన చల్లటి గాలిలో పైన్ చెట్ల కింద పెరుగన్నం తిన్నాం. అప్పటికి సగం పందెం నాది. మిగిలిన సగం దిగుడు.

దిగడం మొదలుపెట్టిన కాసేపటికే ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. వైపర్లు ఎంత కొట్టుకున్నా ముందున్న పికప్ ట్రక్కు ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనబడటం లేదు. అందులో క్యాంపింగ్ సామాను కొండలా పేర్చి ఉంది. దూరంగానే ఉన్నాను. కిందికి వంపు తిరిగే చోట ఆ సామానులోంచి పెద్ద ఐస్ పెట్టె ఊడి రోడ్డు మీద పడి, ఎగిరి, మా వైపు దొర్లింది.

బ్రేక్ తొక్కేశాను. భయమేసింది, అబద్ధమెందుకు. వెనక భాగం ఎక్కడ జారుతుందోనని స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. జారలేదు. కారు నేల మీద కూర్చున్నట్టుగా అణిగి, గీత గీసినట్టు తిన్నగా వేగం తగ్గించుకుంది. ఆ పట్టు స్టీరింగ్‌లోంచి నా అరచేతులకి తెలిసింది. కొద్దిగా కుడికి తిప్పాను, పెట్టె ఎడమ పక్క నుంచి వెళ్ళిపోయింది, మళ్ళీ నా లేన్‌లోకి వచ్చేశాను. పాత టైర్లే ఉండి ఉంటే గిర్రున తిరిగి లోయ అంచుకి వెళ్ళేవాళ్ళం. ఆ సంగతి కారులో నాకూ తెలుసు, మా ఆయనకీ తెలుసు. ఆయన లేని బ్రేకుని వెనక సీట్లోంచి ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. నాకైతే భయం పోయి, ఆ వానలో గట్టిగా అరవాలన్నంత సంతోషం వచ్చింది.

అత్తయ్య చెయ్యి ఒళ్ళోని కవరు మీదికి వెళ్ళింది. పోయిందా పందెం? ఆవిడ ఆ కవరు మడతపెట్టి హ్యాండ్ బ్యాగులో పెట్టుకున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఏదో పెద్ద బండి కొంటానని ఫోన్లో అన్నావు చూడు, అది కొంటే నువ్వే తిరుగు. ఇక్కడున్న ఆరు నెలలూ నేను దీంట్లోనే తిరుగుతా. కోడలే తోలాలి."

కొండ దిగాక గ్యాస్ స్టేషన్‌లో ఆగాం. వాన వెలిసింది. మా ఆయన నేరుగా వెనక టైరు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూశాడు. లేచి వచ్చి, డ్రైవర్ తలుపు పక్కన నిలబడి చెయ్యి చాపాడు.

"కీస్ ఇవ్వు. ఇక్కణ్ణుంచి నేను డ్రైవ్ చేస్తా."

"అమ్మేసే కారుతో నీకేం పని?"

"అమ్మట్లేదులే."

"ఆ మాట అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పు. ఇప్పుడే."

అక్కడే నిలబడి చేశాడు. "అన్నా, కారు అమ్మట్లేదు. మినీవ్యాన్ కూడా క్యాన్సిల్. లేదన్నా, పక్కాగానే" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ చెయ్యి చాపాడు. ఈసారి నవ్వుతున్నాడు.

అంత బుద్ధిగా అడిగితే ఇవ్వాలనిపించిన మాట నిజమే. కానీ ఆ రోజు ఇవ్వలేదు. వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను. మోకాళ్ళు మళ్ళీ గడ్డం దగ్గరికి తెచ్చుకుని ఎక్కాడు.

"ఇంకెప్పుడిస్తావు?" అన్నాడు లోపల్నుంచి.

"అడుగుతూ ఉండు. కారు నాది" అని తలుపు వేశాను.